పెన్నేరు ఎందుకు ఫియోర్డు కాలేదు?

రొద్దం దగ్గర పెన్నేటి గట్టున నిలబడితే కంటికి ఆనేది ఇసుక, సర్కారు తుమ్మ, అవతలి గట్టున చేలు, వాటి వెనక బోడిగుట్టలు. అదే గట్టున ఫోను తీసి నార్వే బొమ్మ చూస్తే నీటిలోంచి నిటారుగా లేచిన కొండలు, వాటి మీదినుంచి జారే జలపాతాలు, మధ్యలో కదలని ముదురు పచ్చ నీరు. ఈ రెండూ చూసిన కాలేజీ పిల్లలు అడిగేది ఒకటే: "వాళ్ళకట్ల ఎందుకొచ్చింది సార్, మనకెందుకు రాలేదు?" దీనికి "మనది కరువు సీమ" అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ జవాబు సగం తప్పు. వాన ఒక్కటే కారణమైతే చిరపుంజిలోనే ఫియోర్డులు ఉండాలి.

అసలు ఫియోర్డు అంటే ఏమిటి?

సముద్రం కొండల నడుమకు చొరబడి నిలిచిన సన్నటి, పొడవాటి, లోతైన నీటిపాయ. చూడ్డానికి నదిలా ఉంటుంది, నీళ్ళు మాత్రం ఉప్పువి. నార్వే పడమటి తీరమంతా ఇవే. అన్నిటికంటే పొడవైనది సోగ్నే ఫియోర్డు. తీరం నుంచి 200 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళుతుంది. అంటే రొద్దం నుంచి పెనుకొండ, ధర్మవరం, తాడిపత్రి మీదుగా గండికోటకు పోయే దారంత. దాని లోతు ఒకచోట 1,300 మీటర్లు. పక్కన కొండలు మరో వెయ్యి మీటర్లకు పైగా లేస్తాయి. నీళ్ళన్నీ తోడేసి చూస్తే రెండు కిలోమీటర్లు దాటిన అగాధం అది. కంటికి కనిపించే అందం అందులో పైభాగం మాత్రమే.

సోగ్నేకు పాయలాంటిది నేరోయ్ ఫియోర్డు. ఒకచోట దాని వెడల్పు 250 మీటర్లే. ఉత్తరాన గైరాంగర్ ఫియోర్డు ఉంది. ఈ రెంటినీ యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత లోతు ఎవరు తవ్వారు?

నది తవ్వలేదు. నదికి ఒక హద్దు ఉంది: సముద్ర మట్టం చేరాక దానికి వాలు ఉండదు, వాలు లేకపోతే తవ్వే బలం ఉండదు. పెన్నేరైనా గోదావరైనా సముద్రంలోకి చేరేచోట ఒండ్రు పరుస్తుందే గానీ వెయ్యి మీటర్ల గుంత తీయదు. సముద్ర మట్టానికి అంత కిందకు తవ్వగలిగింది మంచు ఒక్కటే.

గడిచిన ఇరవై అయిదు లక్షల ఏళ్ళలో ఉత్తర ఐరోపాను మంచు చాలాసార్లు కప్పింది, మళ్ళీ వదిలింది. చలి ముదిరిన యుగాల్లో స్కాండినేవియా మీద మంచు మందం కిలోమీటర్లలో ఉండేది. అంత మందమైన మంచు తన బరువుకు తానే మెల్లగా జారుతుంది. అప్పటికే అక్కడ నదులు చేసిన లోయలున్నాయి. మంచు వాటినే దారి చేసుకుంది. అడుగున ఇరుక్కున్న రాళ్ళతో సహా జరుగుతూ ఉప్పుకాగితం రుద్దినట్టు లోయను రుద్దింది. అది ఒక పని. రెండో పని ఇంకా బలమైనది: అడుగున కరిగిన నీరు బండ పగుళ్ళలోకి దిగి గడ్డకడుతుంది, మంచు కదిలినప్పుడు ఆ బండను ముక్కలుగా పెకిలించుకుపోతుంది. నది చేసిన లోయ పైన వెడల్పు, అడుగున ఇరుకు. మంచు నడిచిన లోయ అడుగు వెడల్పు, గోడలు నిట్టనిలువు.

మరి సముద్ర మట్టం దగ్గర మంచు ఎందుకు ఆగలేదు? మంచు నీటి కంటే తేలికే, కానీ కిలోమీటరు మందం ఉన్నది కొన్ని వందల మీటర్ల లోతు నీళ్ళలో తేలలేదు. అడుగుకు ఆనుకునే తవ్వుతూ పోతుంది. తీరం దాటాక పక్కలకు పరుచుకుని పలచబడి తేలుతుంది. తేలిన క్షణం నుంచి తవ్వకం ఆగిపోతుంది. అందుకే ఫియోర్డుకు ఒక విడ్డూరమైన గుణం ఉంది. లోపల లోతు, సముద్రంలో కలిసే గుమ్మం దగ్గర తక్కువ. సోగ్నే లోపల 1,300 మీటర్లుంటే దాని గుమ్మం దగ్గర రెండు వందలు కూడా ఉండదు.

చివరి మంచుయుగం సుమారు 11,700 ఏళ్ళ కిందట ముగిసింది. మంచు కరిగింది, ఖాళీ అయిన లోయల్లోకి సముద్రం వచ్చింది. తవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు, నింపినవాళ్ళు వేరే. ఈ మాట గుర్తుంచుకోండి, గండికోట దగ్గర దీనితో మళ్ళీ పని పడుతుంది.

అంత అందంగా ఎందుకు ఉంటుంది?

జలపాతాల సంగతి ముందు. పెద్ద లోయలో మందమైన మంచు లోతుగా తవ్వింది, పక్క లోయల్లోని పలచటి మంచు అంత తవ్వలేకపోయింది. మంచు పోయాక పక్క లోయలు పెద్ద లోయ గోడ మీద గాలిలో వేలాడుతూ మిగిలాయి. వాటిలో పారే వాగులకు దిగే దారి లేదు, దూకాల్సిందే. గైరాంగర్‌లో 'ఏడుగురు అక్కచెల్లెళ్ళు' అనే జలపాతం అట్లా దూకేదే, దాని పొడవైన పాయ సుమారు 250 మీటర్లు.

నీరు అద్దంలా నిలవడానికి కారణం, సముద్రపు అలలు అన్ని మలుపులు తిరిగి లోపలిదాకా రాలేకపోవడం. కొన్ని చోట్ల నీటికి పాలు కలిసినట్టున్న పచ్చరంగు వస్తుంది. అది పైన ఇంకా మిగిలిన హిమానీనదాలు నూరిన రాతి పిండి. బెర్గెన్ నగరం ఉన్న 60 డిగ్రీల అక్షాంశం మీదే గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస కూడా ఉంది. అయినా నార్వే ఫియోర్డులు చాలావరకు చలికాలంలోనూ గడ్డకట్టవు. అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి ప్రవాహం వాటిని కాపాడుతుంది. ఓడలు ఏడాది పొడుగునా తిరుగుతాయి కాబట్టే వెయ్యేళ్ళుగా అక్కడ ఊళ్ళున్నాయి.

నా మటుకు నన్ను పట్టేది కొండల కంటే ఆ ఇళ్ళే. గైరాంగర్ గోడ మీద, నీటికి 250 మీటర్ల పైన, స్కాగేఫ్లో అనే పాత సేద్యపు ఇల్లుంది. పశువులను మేపి, గడ్డి కోసి, ఆ బండ అంచున తరాలు బతికాయి. పన్ను వసూలుకు మనుషులు వస్తే పైనుంచి నిచ్చెన లాగేసుకునేవాళ్ళని చెప్పుకుంటారు. శిస్తు కట్టలేక పొలం గట్టున తలదించుకున్న మన తాతలకు ఆ సౌకర్యం లేకపోయింది. 1993లో నార్వే రాజు హారల్డ్, రాణి సోనియా తమ పెళ్ళి పాతికేళ్ళ వేడుకను ఆ స్కాగేఫ్లోలోనే చేసుకున్నారు. అంత చిన్న ఇల్లు కనబడితేగానీ కొండ ఎంత పెద్దదో కంటికి అందదు. బొమ్మలో అందం సగం ఆ ఇంటిదే.

మన నేల మీద మంచు ఎప్పుడూ నడవలేదా?

నడిచింది. సుమారు ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట, భారతదేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి ఉన్న కాలంలో. ఆ మంచు వదిలేసిన గుండ్లూ మట్టీ కలిసి గట్టిపడిన పొరలను ఒడిశాలోని తాల్చేరు దగ్గర మొదట గుర్తించారు, ఆ పేరే పెట్టారు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరల కింద ఉన్నవి ఈ తాల్చేరు రాళ్ళే. ఆదిలాబాదుకు అవతల, చంద్రపూర్ దగ్గరి ఇరాయిలో మంచు గీకిన గీతలున్న బండ పంతొమ్మిదో శతాబ్దంలోనే దొరికింది. ఎండకు మాడే చంద్రపూర్‌లో! ఆ కాలపు లోయలేవైనా ఉంటే ఎప్పుడో పూడిపోయాయి, అరిగిపోయాయి. ముప్ఫై కోట్ల ఏళ్ళు ఏ గోడనూ నిటారుగా నిలబెట్టవు. నార్వే గోడలు నిలబడి ఉన్నాయంటే వాటికి వయసు లేదు కాబట్టి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గోడలకు వయసు లేదు గానీ వాటి రాయికి ఉంది. పడమటి నార్వే రాయి చాలావరకు నైస్, వంద కోట్ల ఏళ్ళు దాటినది. మన పెనుకొండ, రొద్దం, హిందూపురం కింద ఉన్నదీ నైస్, గ్రానైట్ జాతే. పైగా మనది ఇంకా పాతది, 250 కోట్ల ఏళ్ళ నాటిది. జాతి ఒకటే అయినా బొమ్మ వేరు కావడానికి కారణం పైన పనిచేసిన చేతులు వేరు కావడమే. ఇక్కడ ఎండ, తేమ బండ పగుళ్ళలోకి దిగి మూలలను గుండ్రంగా కొరికాయి. మెత్తబడిన మట్టి వానకు కొట్టుకుపోయాక గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలాయి. పెనుకొండ కొండ మీద అవి పేర్చి పెట్టినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఇటీవలి మంచు నడిచి ఉంటే అన్నిటినీ ఊడ్చుకుపోయేది. విజయనగర రాజులు 1565 తర్వాత రాజధానిని పెనుకొండకు మార్చుకున్నప్పుడు కోటకు సగం గోడ ఆ గుండ్లే కట్టిపెట్టాయి.

పెన్నేరు రొద్దంలో లోతు లేదు, గండికోటలో ఎందుకుంది?

పెన్నేరు నంది కొండల దగ్గర పుడుతుంది. గౌరీబిదనూరు దాటి మన జిల్లాలోకి వచ్చి, పరిగి దగ్గర జయమంగలిని కలుపుకుని రొద్దం చేరుతుంది. ఈ ప్రాంతమంతా సుమారు 600 మీటర్ల ఎత్తున చదునుగా ఉన్న పీఠభూమి. వాలు తక్కువ, బండ గట్టిది, వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పక్క గుట్టల నుంచి ఇసుక మాత్రం దండిగా వస్తుంది. ఏరు ఆ ఇసుకను మోయలేక పరిచేస్తుంది. ఎగువన చెరువులు, బోర్లు నీటిని పట్టేశాక ఆ ఇసుక మీద నీరు కనబడటమే వార్త అవుతుంది.

ఇదే ఏరు అనంతపురం జిల్లాను చుట్టి, తాడిపత్రి దాటి, కడప జిల్లాలో ఎర్రమల కొండలకు ఎదురవుతుంది. అక్కడ రాయి మారిపోతుంది. నూట యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో ఒక సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన ఇసుకరాయి అది, క్వార్ట్‌జైట్. పొరలు పడుకుని ఉంటాయి, పగుళ్ళు నిలువునా ఉంటాయి. నీరు అడుగున తొలిస్తే పైబండ దిమ్మెలుగా ఊడి కిందపడుతుంది, వెనక గోడ నిలువుగానే మిగులుతుంది. గండికోట అంచున కూర్చుంటే ఆ దిమ్మెల అంచులు గీత గీసినంత సూటిగా కనిపిస్తాయి.

కొండను చుట్టిపోకుండా ఏరు దాన్ని ఎందుకు చీల్చింది? కొండ కంటే ఏరే ముందు ఉంది. ఏరు పై మట్టంలో పారుతున్నప్పుడు కింద గట్టిరాయి బయటపడలేదు. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోతూ ఉంటే గట్టిరాయి కొండలా పైకి తేలింది. ఏరు మాత్రం దారి మార్చుకోక అదే గీతలో కిందికి దిగింది. అట్లా దిగిన లోతు సుమారు 300 అడుగులు.

ఇంత బక్క ఏరు అంత పని ఎట్లా చేసిందని అనుమానం రావచ్చు. బండను కోసేది రోజువారీ పారకం కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చే వెల్లువ. 2021 నవంబరులో చిత్రావతి పొంగి వెల్దుర్తి దగ్గర మనుషులు నీటి నడుమ చిక్కుకుంటే వాయుసేన హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. మనం ఏడాదంతా నడిచి దాటే ఏరది. ధర్మవరం మీదుగా పోయి, గండికోటకు ఎగువన పెన్నేటిలో కలిసేదీ ఆ చిత్రావతే. అలాంటి వెల్లువలు కొన్ని లక్షల ఏళ్ళు వస్తూ పోతే గండి పడుతుంది.

గండికోటలో నీళ్ళు ఎవరివి?

ఇక్కడే ఫియోర్డుకూ మనకూ నిజమైన చుట్టరికం కనిపిస్తుంది. గండి తవ్వింది పెన్నేరు. కానీ 26.85 టీఎంసీల గండికోట జలాశయం నుంచీ, దాని దిగువ మైలవరం నుంచీ ఆ లోయకు అందుతున్న నీళ్ళలో ఎక్కువ భాగం మామూలు ఏడాదిలో పెన్నేటివి కావు, కృష్ణవి. శ్రీశైలం వెనక నీరు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, గాలేరు-నగరి మార్గాన అవుకు మీదుగా ఇక్కడికి వస్తుంది. నార్వేలో మంచు తవ్వితే సముద్రం నింపింది. ఇక్కడ ఒక నది తవ్వితే ఇంకో నది నింపింది, మధ్యలో ఇంజనీర్లు ఉన్నారు.

శ్రీశైలం కూడా అదే కోవ. నల్లమలను కృష్ణ కోసుకుపోయిన లోయలో ఆనకట్ట నీరు నిలబెట్టింది. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో పోతే రెండు పక్కలా అడవికొండలు, మలుపులు, నిలకడ నీరు ఉంటాయి. మన వైపు ఫియోర్డు ప్రయాణానికి దగ్గరగా వచ్చేది గండికోట కంటే ఈ లాంచీ ప్రయాణమే. ఆ శ్రీశైలం నీరే మాల్యాల దగ్గర హంద్రీ-నీవా పంపుల్లో ఎక్కి పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయానికి వస్తుంది. రొద్దం మనిషి ఆ నీటిని చూడ్డానికి అంతదూరం పోనక్కర్లేదు, చూడాల్సింది అది వదిలొచ్చిన లోయను.

ఒక సంగతి దాచకూడదు. ఫియోర్డుల్లోకి వచ్చిన సముద్రం ఎవరి ఊరినీ ముంచలేదు. మన నీళ్ళు ముంచాయి. శ్రీశైలం కింద సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువకాలం నీటిలోనే ఉంటుంది, ఎండాకాలంలో నీరు తగ్గితే తేలుతుంది. గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు పోయాయి. అంచున నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్ళకు ఇది చెప్పే బోర్డు ఉంటే బాగుండును.

పాపికొండలు?

గోదావరి తూర్పు కనుమలను చీల్చుకు వచ్చే చోటది, నది ఇరుకై కొండలు దగ్గరికి జరుగుతాయి. ఫియోర్డు అనలేం, 'ఆంధ్రా కశ్మీర్' అనీ అనక్కర్లేదు, దాని అందం దానిది. అయితే ఇరుకు లోయల్లో నీటికి కోపం ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నార్వేలోనూ ఇంతే. 1934 ఏప్రిల్లో టాఫియోర్డులో కొండచరియ నీళ్ళలో పడి లేచిన అల 40 మందిని మింగింది. అందుకే గైరాంగర్‌కు దగ్గర్లోని ఓకర్‌నేస్ కొండ పగుళ్ళను అక్కడివాళ్ళు ఇప్పుడు పరికరాలతో రాత్రింబవళ్ళు కనిపెడుతుంటారు. మన బోటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ ఇచ్చి తొడుక్కోమంటే ఉక్కపోస్తుందని విప్పి పక్కన పెట్టే అలవాటు మానుకోవాలి.

ఎలా వెళ్ళాలి?

గండికోటకు ధర్మవరం, తాడిపత్రి, జమ్మలమడుగు దారి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. రైలైతే ముద్దనూరులో దిగాలి. వెళ్ళాల్సింది సెప్టెంబరు నుంచి జనవరి మధ్య. ఎండాకాలం ఆ బండ మీద కాలు పెట్టలేం. కోటలో పెమ్మసాని నాయకుల కాలపు మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. అంచు దగ్గర కంచె అన్నిచోట్లా లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు.

నార్వేకు షెంజెన్ వీసా కావాలి. హిందూపురం వాళ్ళకు బెంగళూరు విమానాశ్రయం పక్కూరి లెక్క, కానీ అక్కణ్ణుంచి నార్వేకు సూటి విమానం లేదు, దారిలో ఒకచోట మారాలి. ఓస్లోలో దిగాక బెర్గెన్ రైలెక్కడం మేలు. 1909 నుంచి నడుస్తున్న ఆ మార్గం 1,200 మీటర్లు దాటిన మంచు మైదానం మీదుగా పోతుంది. మధ్యలో మిర్డాల్‌లో దిగితే ఫ్లోమ్ రైలు దొరుకుతుంది. ఇరవై కిలోమీటర్లలో 866 మీటర్ల ఎత్తు నుంచి ఫియోర్డు ఒడ్డుకు దించేస్తుంది. ఫ్లోమ్‌లో బోటెక్కితే రెండు గంటల్లో నేరోయ్ ఫియోర్డు మీదుగా గుడ్వాంగెన్. ఆ దారిలో 2018 నుంచి పూర్తిగా బ్యాటరీతో నడిచే బోటు తిరుగుతోంది. ఇంజను మోత లేకుండా కొండల మధ్య పోవడం ఎట్లా ఉంటుందో మన లాంచీల డీజిలు హోరు విన్నవాళ్ళు ఊహించుకోవచ్చు. వారసత్వ ఫియోర్డుల్లో పొగ వదలని ఓడలనే అనుమతించాలని అక్కడ చట్టం చేశారు. 2026 నుంచి చిన్న ఓడలకు, 2032 నుంచి పెద్దవాటికి.

ఖర్చు గట్టిగానే ఉంటుంది. హోటల్లో తింటే పర్సు ఒకపూటకే తేలికవుతుంది. సూపర్ మార్కెట్లో కొనుక్కుని బసలో వండుకునేవాళ్ళే ఎక్కువ, మన పొడులూ పచ్చళ్ళూ అక్కడ అక్కరకొస్తాయి. మే చివర, జూన్‌లో వెళితే మంచు కరిగి జలపాతాలు నిండుగా ఉంటాయి. జూన్‌లో బెర్గెన్ పగలు పంతొమ్మిది గంటలు, కాబట్టి కళ్ళకు గంత పట్టుకెళితే నిద్ర పడుతుంది. గొడుగు మాత్రం వద్దు, ఆ గాలికి నిలవదు. మంచి వానకోటు కొనుక్కోండి. బెర్గెన్‌లో ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అది మన జిల్లాలో నాలుగేళ్ళకు పడేంత.